పాత చీరల బొంత: నలుగురు కూర్చుని కుట్టుకునే పద్ధతి

పత్రికల్లో "అతుకుల బొంత" అనే మాట కనిపించినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. పొసగని పార్టీలు కలిసి ఏర్పరచిన ప్రభుత్వాన్నో, తొందరలో తయారుచేసిన పథకాన్నో తక్కువ చేసి చెప్పడానికి ఆ మాటను వాడుతుంటారు. నిజమైన అతుకుల బొంతను ఒక్కసారైనా కుట్టి చూసినవారికి ఆ పోలిక నోటికి రాదు. బొంతలో ఒక ముక్క పక్కన ఇంకొక ముక్కను చేర్చాలంటే రెండింటి నేతనూ, రంగునూ, అవి ఎంతకాలం వాడిన గుడ్డలన్న సంగతినీ చూసుకోవాలి. అంత చూసి కుట్టినప్పుడు, చీరగా ఇక కట్టుకోలేమని పక్కన పెట్టిన గుడ్డ మరెన్నో ఏళ్ళు ఇంట్లో అందరికీ పక్కగానూ దుప్పటిగానూ పనికొస్తుంది.

నెల్లూరు జిల్లాలో కావలికి దగ్గరి పల్లెలో పెరిగిన నాకు బొంత అంటే మా అవ్వ పక్కలో పడుకున్నప్పుడు చెంపకు తగిలిన మెత్తదనమే. కుట్టు నేర్చుకున్నది కూడా ఆమె దగ్గరే. ఇప్పుడు వేసవి సెలవుల్లో మా వీధి అరుగు మీద ఆడపిల్లలకూ, మగపిల్లలకూ, వాళ్ళ తల్లులకూ నేను నేర్పుతున్నాను. బొంత కుట్టడం ఎలాగో, దాన్ని నలుగురితో కలిసి కుట్టడం ఎలాగో రెండూ ఇక్కడ రాస్తున్నాను. ఇన్నేళ్ళలో నాకు అర్థమైనంత వరకు ఇవి వేరువేరు సంగతులు కావు. గుడ్డలు పోగు చేయడం దగ్గర నుంచి అంచు కుట్టేదాకా ఈ పనిలో ప్రతి దశలోనూ ఇంకొకరి చెయ్యి అవసరమవుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మన వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపల కురుస్తాయి. తుపాను గాలి తలుపుల సందుల్లోంచి ఈలవేసే ఆ రాత్రుల్లోనూ, ఆ వెంటనే వచ్చే ధనుర్మాసపు చలిలోనూ బొంత కావాలి. కుట్టడానికి మాత్రం ఎండాకాలమే తగిన కాలం. అప్పటికి వరి కోతలు ముగిసి ఉంటాయి, ఉతికిన గుడ్డ ఒక పూటలోనే పెళపెళలాడుతూ ఎండుతుంది, మధ్యాహ్నం పూట బయట ఏ పనీ సాగదు, పిల్లలకు బడి ఉండదు. అందువల్ల ఏప్రిల్ నెలలో గుడ్డలు పోగుచేసి ఉతుక్కొని, మే నెలలో కుట్టు మొదలుపెడితే తొలకరి నాటికి అంచు కుట్టి మడత పెట్టుకోవచ్చు. వానాకాలంలో మొదలుపెట్టిన బొంత సరిగా ఆరని గుడ్డల వల్ల ముక్కిన వాసన పట్టే ప్రమాదం ఉంది.

గుడ్డల ఎంపిక

బొంతకు నూలు గుడ్డ ఒక్కటే పనికొస్తుంది. పాలియెస్టర్ కలిసిన చీర చెమట పీల్చదు, సూదికి జారిపోతుంది, పక్కనున్న నూలు గుడ్డతో కలిసి మెత్తబడదు. చూసి పోల్చుకోవడం కష్టమైతే గుడ్డ అంచు నుంచి నాలుగు పోగులు లాగి, ఇంటి బయట, చేతికి నీళ్ళు అందేచోట అగ్గిపుల్లతో అంటించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూసలాగా తయారవుతుంది. ఈ పరీక్ష పెద్దవాళ్ళు చేయవలసినదే తప్ప పిల్లల చేత చేయించకూడదు.

గుడ్డలో ఇంకా సత్తువ ఉందో లేదో తెలుసుకోవడానికి దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. జల్లెడలాగా వెలుతురు కనిపించే భాగాన్ని వదిలేయాలి. అనుమానంగా ఉన్నచోట రెండు బొటనవేళ్ళతో పట్టి కొంచెం లాగితే, నిలిచే గుడ్డ నిలుస్తుంది, నిలవనిది అక్కడే పిగులుతుంది. చీరలో సాధారణంగా కుచ్చిళ్ళు దోపుకునే చోటూ, నేలకు రాసుకునే కింది అంచూ ముందుగా అరిగిపోతాయి. లోపలి చెంగు భాగం చాలాసార్లు కొత్తదానిలాగానే ఉంటుంది.

మనకు దగ్గర్లో దొరికే నేత చీరల గుణాలు వేరువేరుగా ఉంటాయి. 2022 దాకా మన నెల్లూరు జిల్లాలో ఉండి ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన వెంకటగిరిలో, వందో నంబరు వంటి సన్నని నూలుతో నేసిన చీర ఏళ్ళ తరబడి కట్టి ఉతికిన తర్వాత వెన్నలాగా మెత్తబడుతుంది. అలాంటిది చంటిబిడ్డ బొంతకు ఒంటికి తగిలే పొరగా వేయాలి. జరీ ఉంటే మాత్రం ముందే కత్తిరించి తీసేయాలి, అది బిడ్డ ఒంటికి గీసుకుంటుంది. మొన్నటి దాకా ప్రకాశం జిల్లాలో ఉన్న చీరాల వైపు నేసే కొంచెం ముతక నూలు చీరలు మధ్య పొరలకు బాగా నప్పుతాయి. పంచెలు, లుంగీలు, పాత దుప్పట్లు కూడా మధ్య పొరలకు పనికొస్తాయి. లుంగీ గళ్ళు తిన్నగా కుట్టడానికి గీతలాగా ఉపయోగపడతాయి కాబట్టి, కొత్తగా నేర్చుకునేవారికి నేను లుంగీ ముక్కనే మొదట ఇస్తాను.

ఏ గుడ్డనైనా ముందు ఒకసారి ఉతికి, గంజి పూర్తిగా వదిలించి, ఎండబెట్టి, ఇస్త్రీ చేయాలి. గంజి ఉన్న గుడ్డలో సూది దిగదు, పైగా గంజి వాసనకు పురుగు చేరుతుంది. రంగు దిగుతుందేమోనన్న అనుమానం ఉంటే తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడాలి. ఈ జాగ్రత్తను ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. నేను మొదటిసారి సొంతంగా కుట్టిన బొంతలో ఎర్రటి కొత్త జాకెట్టు గుడ్డ ముక్కలను తడపకుండానే చేర్చాను. మొదటి ఉతుకులోనే ఆ ఎరుపు పక్కనున్న తెల్లని ముక్కల్లోకి దిగిపోయింది. కొత్త గుడ్డ ముడుచుకుపోయి చుట్టూ ఉన్న పాత గుడ్డలను తన వైపు లాక్కుంది, ఒకటి రెండు చోట్ల కుట్లే తెగాయి. మూడు వారాల పని అది. కొత్త గుడ్డనూ పాత గుడ్డనూ ఒకే బొంతలో కలపాలనుకుంటే కొత్తదాన్ని కనీసం రెండుసార్లు ఉతకనిదే కత్తెర పెట్టవద్దు.

మొదటి బొంత: ఒకే చీరతో, అతుకులు లేకుండా

అందరికీ ముందుగా అతుకుల బొంత కుట్టాలనే ఉబలాటం ఉంటుంది. నా మాట విని, మొదటి బొంతకు అతుకుల జోలికి పోవద్దు. పసిబిడ్డను పడుకోబెట్టే చిన్న బొంతను ఒకే చీరతో కుట్టండి. ఐదున్నర గజాల చీర పొడవు 198 అంగుళాలు, వెడల్పు సుమారు 45 అంగుళాలు. దాన్ని 38 అంగుళాల చొప్పున అడ్డంగా కత్తిరిస్తే ఐదు ముక్కలు వస్తాయి. నాలుగింటిని పొరలుగా పరచి, ఐదోదాన్ని అంచు పట్టీకీ, చిరుగులున్న చోట మాసికలకూ ఉంచుకోవాలి. కత్తిరింపులూ అంచులూ పోగా సుమారు మూడడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల పొడవు గల బొంత వస్తుంది. పురిటింటికి తీసుకెళ్ళడానికి ఇంతకంటే మంచి కానుక నాకు తెలియదు.

సూదులు, దారం విషయంలో పెద్ద ఖర్చేమీ లేదు. పొరలు నాలుగే అయితే మామూలు కుట్టు సూది చాలు. అంతకు మించితే కొంచెం పొడవాటి, గట్టి సూది కావాలి. గోనెసంచులు కుట్టే దబ్బనాన్ని వాడకండి, అది గుడ్డలో పెద్ద రంధ్రాలు చేస్తుంది. దారం నూలుదే అయి ఉండాలి. గట్టి పాలియెస్టర్ దారం తెగదని కొందరు ఇష్టపడతారు గానీ, కాలం గడిచేకొద్దీ అది మెత్తబడిన పాత గుడ్డను కోస్తుందేమోనని నా భయం. కుట్టు తెగితే మళ్ళీ వేసుకోవచ్చు, గుడ్డ తెగితే చేయగలిగింది తక్కువ. దారాన్ని మూరెడు కంటే పొడవు తీసుకోకుండా, తేనెమైనం ముక్క మీద ఒకసారి లాగి వాడితే చిక్కు పడదు. నడిమి వేలికి దర్జీలు పెట్టుకునే లోహపు తొడుగు ఉంటే మంచిది, లేకపోతే ఆ వేలికి గుడ్డ పేలిక చుట్టుకోవాలి.

పొరలు పరచడం

ఈ పని ఒక్కరితో అయ్యేది కాదు. ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆరిన గచ్చు మీద అడుగు పొరను బోర్లా పరచాలి. నలుగురు నాలుగు మూలలు పట్టుకుని గుడ్డను గాలిలోకి లేపి ఒక్కసారిగా దించితే, ముడత లేకుండా అది తనంతట తాను నేలకు అతుక్కుంటుంది. మూలల మీద బరువు పెట్టాలి. మా ఇంట్లో రెండు మూలల మీద పొత్రమూ, కల్వమూ, తక్కిన రెంటి మీద నీళ్ళ చెంబులూ పెట్టేవాళ్ళం. దాని మీద ఒకదాని తర్వాత ఒకటిగా మధ్య పొరలు పరచి, ప్రతి పొరనూ అరచేతితో మధ్య నుంచి అంచుల వైపు నిమురుతూ పోవాలి. అంచుల నుంచి మధ్యకు నిమిరితే ముడతలన్నీ మధ్యన పోగవుతాయి. చివరగా పై పొర వేయాలి. అడుగు పొర తక్కిన వాటికంటే అన్ని వైపులా రెండంగుళాలు పెద్దదిగా ఉంటే కుట్టేటప్పుడు జరిగినా ఇబ్బంది ఉండదు.

పరచిన పొరలు కదలకుండా కచ్చా కుట్టు వేయాలి. పొడవైన దారంతో, రెండేసి అంగుళాల కుట్లతో, ముందు మధ్య నుంచి నాలుగు వైపులకూ శిలువ ఆకారంలో వేసి, ఆ తర్వాత జానెడు దూరానికి ఒక వరుస చొప్పున నిలువునా అడ్డంగా వేసుకుంటూ పోవాలి. "ఎలాగూ విప్పేసేదే కదా" అని ఈ దశను తేలికగా తీసుకునేవారిని చాలామందిని చూశాను. చివరి వరుసకు వచ్చేసరికి వాళ్ళ బొంత ఒక మూల సాగి, ఇంకొక మూల పొట్ట ఉబ్బి ఉంటుంది. కచ్చా కుట్టుకు ఒక పూటంతా పట్టినా పట్టనివ్వండి.

కుట్టు

బొంత కుట్టంటే సూదిని పైకీ కిందికీ పోనిస్తూ ముందుకు సాగే సాదా కుట్టు. గొలుసు కుట్టు, కాడ కుట్టు వంటి అల్లికలేవీ దీనికి అక్కరలేదు. కుట్టు పొడవును మా అవ్వ గింజలతో చెప్పేది. నేర్చుకునేవాళ్ళు వడ్లగింజంత కుట్టు వేయాలి, చెయ్యి కుదిరాక బియ్యపు గింజంత. రెండు కుట్ల మధ్య ఖాళీ కూడా అంతే ఉండాలి. వరుసకూ వరుసకూ మధ్య బొటనవేలి వెడల్పు, అంటే సుమారు అంగుళం దూరం చాలు. మరీ దగ్గరగా కుడితే బొంత అట్టలాగా బిరుసెక్కుతుంది, మరీ దూరంగా కుడితే ఉతికినప్పుడు పొరలు లోపల ముద్దకడతాయి.

ముడి పైకి కనిపించకూడదు. దారం కొసన చిన్న ముడి వేసి, కుట్టు మొదలుపెట్టే చోటికి అంగుళం దూరంలో సూదిని పై పొరలోంచి లోపలికి దింపి, మొదలుపెట్టే చోట పైకి తీసి, దారాన్ని కొంచెం గట్టిగా లాగితే ముడి చిటుక్కుమని పై పొరను దాటి లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. కుట్టు ముగించేటప్పుడు కూడా అదే విధంగా, గుడ్డకు దగ్గరగా ముడి వేసి లోపలికి లాగేసి, మిగిలిన దారాన్ని కత్తిరించాలి.

కుడిచేతిలో సూది ఉంటే ఎడమచెయ్యి బొంత కింద ఉండాలి. కింది చేతి చూపుడువేలికి సూది మొన సన్నగా తగిలిందంటే అది అన్ని పొరలనూ దాటిందని అర్థం. తగిలిన వెంటనే ఆ వేలితోనే గుడ్డను కొంచెం పైకి ఎత్తితే సూది మళ్ళీ పైకి వస్తుంది. ఇలా మూడు నాలుగు కుట్లను సూది మీదకు ఎక్కించుకుని, ఆ తర్వాత ఒకేసారి దారం లాగాలి. మొదటి రెండు రోజులు ఆ వేలు మంట పుడుతుంది, వారం తిరిగేసరికి అక్కడి చర్మం గట్టిపడుతుంది.

దారం లాగడంలోనే అసలైన నేర్పు ఉంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కుట్టు గట్టిగా ఉండాలని పళ్ళు బిగపట్టి దారం లాగుతుంటే, అవ్వ నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది. "బిగిస్తే బొంత ముడుచుకుంటాది పాపా, దారాన్ని నడవనియ్యి" అంటూ నేను వేసిన వరుస మీద బొటనవేలి గోటితో మెల్లగా గీసింది. గోరు నడిచినంత మేరా ముడతలు విచ్చుకుని, ఎక్కువగా లాగిన దారం తిరిగి గుడ్డలోకి సర్దుకుంది. ఇప్పటికీ ప్రతి వరుస చివరా నేను అలాగే గోటితో గీస్తాను, నేర్చుకునేవారి చేత కూడా గీయిస్తాను. వరుస మొత్తం అయ్యాక సరిచేయబోతే కుదరదు, జానెడు కుట్టగానే ఒకసారి గీయాలి.

మధ్య వరుసతో మొదలుపెట్టి, ఆ తర్వాత దానికి అటొకటి ఇటొకటిగా వరుసలు వేసుకుంటూ అంచులకు రావాలి. చిన్న బొంతలో మూడువేల పైచిలుకు కుట్లు పడతాయి. రోజుకు రెండు గంటలు కూర్చుంటే ఎన్నాళ్ళు పడుతుందని అందరూ అడుగుతారు. మొదటి బొంతకు లెక్క పెట్టుకోవద్దు.

అతుకుల బొంత

చెయ్యి కుదిరాక పెద్ద బొంతకు వెళ్ళవచ్చు. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు గల బొంతకు మూడు చీరలు సరిపోతాయి. ఒక్కొక్క చీర నుంచి 90 అంగుళాల పొడవున్న రెండు ముక్కలు తీసి, అంచులు కత్తిరించి, పక్కపక్కన చేర్చి కుడితే సుమారు 89 అంగుళాల వెడల్పు వస్తుంది. అందులోంచి 62 అంగుళాలు పొరకు కత్తిరించుకోగా 27 అంగుళాల పట్టీ మిగులుతుంది. మూడు చీరల నుంచి ఇలా మూడు పొరలు, మూడు పట్టీలు వస్తాయి. అతుకు గీత అన్ని పొరల్లోనూ ఒకే చోటికి వస్తే అక్కడ దిబ్బలాగా లేస్తుంది కాబట్టి, మధ్య పొరను తిప్పి పరచాలి.

మిగిలిన పట్టీలతోనే పై పొర తయారవుతుంది. పాత పెళ్ళి శుభలేఖ వంటి మందపు అట్టతో ఐదంగుళాల చదరాన్ని కత్తిరించుకుని, దాని చుట్టూ పెన్సిలుతో గీసి ముక్కలు కోయాలి. ఒక్కొక్క పట్టీ నుంచి 90 చదరాలు వస్తాయి, అంటే మొత్తం 270. అన్ని పక్కలా పావు అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి కుట్టిన తర్వాత ఒక్కొక్క చదరం నాలుగున్నర అంగుళాలు ఉంటుంది. వెడల్పుకు 13, పొడవుకు 19 చొప్పున 247 చదరాలు చాలు. లెక్క సరిపోయింది గానీ, మూడు చీరలతో మూడు రంగులే వస్తాయి. అందుకే ముక్కలు మార్చుకోవాలి. నా దగ్గరున్న పసుపు ముక్కలు ముప్పై ఎదురింటి ఆమెకు ఇచ్చి, ఆమె దగ్గరి నీలం ముక్కలు ముప్పై తెచ్చుకుంటాను. మా వీధిలో ఇప్పుడు నాలుగు ఇళ్ళ బొంతల్లో ఒకే ఆకుపచ్చ చీర ముక్కలున్నాయి. ఆ చీర ఎవరిదో, ఏ పండక్కి కొన్నదో అందరికీ తెలుసు.

ముక్కలను కుట్టే ముందు నేల మీద పేర్చి చూసుకోవాలి. రంగుల పేర్ల కంటే ముదురు, లేత అన్న తేడానే కంటికి ముఖ్యం. ఎరుపు, ఆకుపచ్చ దగ్గర నుంచి ఎంత వేరుగా కనిపించినా, ముదురులో సమానమైతే దూరం నుంచి ఒకే మచ్చలాగా కనిపిస్తాయి. పేర్చిన దాన్ని సెల్‌ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూస్తే ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది. ఇక్కడ పిల్లల మాటకు విలువ ఇవ్వండి, వాళ్ళు పెద్దల కంటే ధైర్యంగా రంగులు పక్కపక్కన పెడతారు.

పేర్చినది నచ్చాక అడ్డవరుసలుగా కుట్టి, ఆ తర్వాత వరుసలను ఒకదానితో ఒకటి చేర్చాలి. ఒక వరుసలో అతుకుల మడతలన్నింటినీ కుడి పక్కకూ, తర్వాతి వరుసలో ఎడమ పక్కకూ ఇస్త్రీ చేస్తే, రెండు వరుసలు కలిసే చోట మడతలు ఎదురెదురుగా కూర్చుని చదరాల మూలలు సరిగ్గా కలుస్తాయి. ఈ చేర్చే పనికి మిషను వాడినా తప్పులేదు. పొరలను కలిపే బొంత కుట్టు మాత్రం చేతితోనే వేయాలని నా అభిప్రాయం. చేతికుట్టు బొంతకున్న ఒదుగుదల మిషను కుట్టుకు రాదు.

ముక్కలను ముందుగా చేర్చుకోకుండానే కుట్టే పద్ధతి కూడా ఒకటి ఉంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్ది స్త్రీలు కవంది అనే బొంతను అలా కుడతారు. వాళ్ళు అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్క వెంట ముక్కను పరుస్తూ, అప్పటికప్పుడే అన్ని పొరలూ కలిపి కుడుతూ, చుట్టూ తిరిగి మధ్యకు వచ్చి ముగిస్తారు. నాలుగు మూలలా ఫూల అనే చిన్న గుడ్డమడతను కుడతారు, అది లేని బొంతను పూర్తయినట్టుగా లెక్కించరు. కొలతలంటే భయపడేవారికి ఈ పద్ధతి ఎంతో సులువు. మా అరుగు మీద ఇద్దరు ముగ్గురు దీనికే అలవాటు పడ్డారు.

అంచు

అంచుకు రెండున్నర అంగుళాల వెడల్పు గల పట్టీలు కత్తిరించి, పొడవునా సగానికి మడిచి, మడత లేని పక్క బొంత అంచుతో కలిసేలా ముఖం మీద పెట్టి కుట్టి, ఆపైన వెనక్కి తిప్పి హెమ్మింగ్ చేయాలి. తిన్నని అంచుకు నిలువు పట్టీ చాలు. మూలలను గుండ్రంగా కత్తిరించినప్పుడు మాత్రం జాకెట్టుకు వేసినట్టు, ఏటవాలుగా కత్తిరించిన క్రాస్ పట్టీ వేయాలి. జరీ లేని నూలు చీర అంచే దొరికితే అంతకంటే గట్టి పట్టీ ఇంకొకటి ఉండదు. అంచు వేశాకే కచ్చా కుట్లు విప్పాలి.

నలుగురినీ కూర్చోబెట్టడం

పెద్ద బొంతలో దాదాపు పదివేల కుట్లు ఉంటాయి. ఒక్కరే కుడితే నడుము పడిపోతుంది, ఉత్సాహం సగంలోనే ఆగిపోతుంది. నలుగురు నాలుగు వైపులా కూర్చుంటే పదిరోజుల మధ్యాహ్నాలలో పని తెమలుతుంది. చోటు కోసం వెతకనక్కరలేదు. మన జిల్లాలో ఆడవాళ్ళు నలుగురు కూర్చోవడం కొత్తకాదు. 1990ల మొదట్లో దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న స్త్రీలే సారా మీద తిరగబడ్డారు, ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్ళింది. ఆ తర్వాత పల్లెపల్లెనా పొదుపు సంఘాలు వచ్చాయి. నెలకోసారి సంఘం కూర్చునే చోటే, ఆ మనుషులతోనే బొంత మొదలుపెట్టవచ్చు.

కలిసి కుట్టేటప్పుడు వచ్చే చిక్కు ఒకటుంది. ఒకరి చెయ్యి బిగువు, ఇంకొకరి చెయ్యి వదులు. ఎవరి వైపు వాళ్ళే చివరిదాకా కుడితే బొంత ఒక పక్క ముడుచుకుని, ఇంకొక పక్క వదులుగా ఉంటుంది. అందుకని రోజూ కూర్చునే వైపు మారాలి. అప్పుడు బిగువూ వదులూ బొంత అంతటా కలిసిపోతాయి, పైగా ప్రతి రోజూ పక్కన కొత్తవారు వస్తారు. కొత్తగా వచ్చినవారిని బాగా కుట్టేవారి పక్కన కూర్చోబెట్టాలి. ఎదురుగా కూర్చోబెడితే కుట్టు తలకిందులుగా కనిపించి అయోమయపడతారు.

నేర్పేవారు ఒక్క విషయంలో మనసును అదుపులో పెట్టుకోవాలి. కొత్తవారి వంకర వరుసను వాళ్ళు వెళ్ళిపోయాక విప్పి, మనమే తిన్నగా కుట్టేయాలనిపిస్తుంది. అలా చేయవద్దు. మర్నాడు వచ్చి తన వరుస కనిపించకపోతే ఆ మనిషి ఇక రాదు. ముడి ఊడిపోయేలా ఉంటే ఆమె ముందే చూపించి, ఆమె చేతనే సరిచేయించాలి. వంకర ఉంటే ఉండనివ్వాలి.

వయసు పైబడినవారికి కుట్టు చేతిలోనే ఉంటుంది గానీ, సూది బెజ్జం కనిపించదు. పిల్లలకు చూపు ఉంటుంది గానీ చెయ్యి కుదరదు. అందుకని మా దగ్గర ఆరేడేళ్ళ పిల్లలకు మొదటి పని సూదులకు దారం ఎక్కించడం. ఒక్కొక్కరు పదేసి సూదులకు దారం ఎక్కించి, దిండుగుడ్డకు వరుసగా గుచ్చి పెద్దవాళ్ళ ముందు పెడతారు. ఒక సూది అయిపోగానే ఇంకొకటి తీసుకుంటూ, ఎవరినీ అడగకుండా, డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళు మధ్యాహ్నమంతా కుడతారు. పని ముగిశాక సూదులన్నీ లెక్కపెట్టి, ఎక్కించినప్పటి లెక్కకు సరిపోయిందని తేల్చుకున్నాకే లేవాలి. బొంతలో సూది మిగిలిపోతే ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

నేర్చుకున్నవారిలో కొందరు దీన్ని రాబడిగా మార్చుకోవాలనుకుంటారు. అది న్యాయమైన కోరికే. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ ప్రాంతపు నల్లజాతి స్త్రీలు అరిగిపోయిన పొలం బట్టలతో బొంతలు కుట్టుకునేవారు. 1966లో ఆ చుట్టుపక్కల స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకుని బొంతలు అమ్మడం మొదలుపెట్టారు. 2002లో ఆ ఊరి బొంతలను హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు, 2006లో అవి అక్కడి తపాలా బిళ్ళల మీదికి ఎక్కాయి. మన వీధుల్లోకి "బొంతలు కుడతామమ్మా" అంటూ వచ్చే ఆడవాళ్ళతో బేరమాడేవారు ఒకసారి ఆ పదివేల కుట్ల లెక్కను గుర్తుచేసుకోవాలని నా కోరిక. మీరే అమ్మదలచుకుంటే గుడ్డ పాతదే కదా అని ధర తగ్గించకండి. పని చేసిన గంటలను రోజూ ఒక పుస్తకంలో రాసుకుని, మీ ఊరి కూలి రేటు ప్రకారం ధర కట్టండి.

ఉతుకు, దాపు

తడిసిన బొంత చాలా బరువెక్కుతుంది. ఒకే తాడు మీద వేస్తే ఆ బరువుకు మధ్య కుట్లు తెగుతాయి. రెండు తాళ్ళ మీద పరిచినట్టుగా వేసి, మొదట నీడలో నీళ్ళు కారనిచ్చి, తర్వాత కాసేపు ఎండ తగలనివ్వాలి. బండకు బాదకూడదు, పిండకూడదు. చన్నీళ్ళలో నానబెట్టి, కాళ్ళతో మెల్లగా తొక్కి, రెండు మూడు నీళ్ళు మార్చాలి. దాచేటప్పుడు ఎండిన వేపాకు మడతల్లో వేసి, రెండు నెలలకోసారి తీసి మడత మార్చాలి. ఎప్పుడూ ఒకే చోట మడిస్తే గుడ్డ ఆ గీత వెంట పిగులుతుంది.

బొంతను ఎవరికైనా ఇవ్వడానికి కుడుతున్నట్లయితే చివరి వరుసను పూర్తి చేయకండి. మూరెడు దారంతో సూదిని గుడ్డకు గుచ్చి, అలాగే మడిచి తీసుకెళ్ళి, అందుకునేవారి చేతికి సూది ఇచ్చి ఆ వరుసను వాళ్ళ చేత కుట్టించండి. పోయిన వేసవిలో మా వీధి అమ్మాయికి బిడ్డ పుట్టినప్పుడు చిన్న బొంతను అలాగే తీసుకెళ్ళాం. పుట్టి పెరిగిన ఇన్నేళ్ళలో సూది పట్టని ఆ పిల్ల, నిద్రపోతున్న బిడ్డను పక్కన పెట్టుకుని, వడ్లగింజంత కుట్లతో అరగంటలో ఆ వరుస ముగించింది. ముడిని లోపలికి లాగడం చూపించాను. చిటుక్కుమన్న చప్పుడు విని, "ఇంకోసారి చూపించు పెద్దమ్మా" అంది.